డబ్బాల కింది కాగితం

పొద్దున తొమ్మిదిన్నర అయ్యేసరికి ఆ రేకుల షెడ్డులో పొడవాటి బల్లకు అటు అయిదుగురు, ఇటు అయిదుగురు ఆడవాళ్లు సర్దుకుని కూర్చుంటారు. బల్ల మధ్యలో తెల్ల పెట్టెల గుట్ట ఉంటుంది. పని చాలా తేలిక. తెల్ల పెట్టెలోంచి ట్యూబు తియ్యాలి, దానికి మెరిసే స్టిక్కరు చుట్టాలి, గులాబీరంగు పెట్టెలో పెట్టాలి. పాత పెట్టెను కాలి దగ్గరున్న గోనెసంచిలో పడెయ్యాలి. స్టిక్కరు మీద ఒక అమ్మాయి నవ్వుతూ ఉంటుంది. ఆమె చెంప పక్కన రెండు గులాబీరేకులు, కింద 'ఏడు రోజుల్లో వెలుగు' అన్న మాట.

"పొద్దస్తమానం ఇలా నవ్వుతూనే ఉంటుంది, దీనికి దవడలు లాగవేమోనే!" అని ఒకామె అంటే మిగతా తొమ్మిదిమందీ నవ్వుతారు. సూపర్వైజరు కేకేస్తాడు. నవ్వులు ఆగుతాయి, చేతులు ఆగవు.

ఆ పదిమందిలో చెయ్యి తిరిగిన మనిషి గోరక్క. కుడిచేతి బొటనవేలి గోరును ఆవిడ కావాలనే కొంచెం పొడుగ్గా ఉంచుకుంటుంది. స్టిక్కరు చుట్టి ఆ గోటితో అంచు మీద ఒక్కసారి రాస్తే చాలు, బుడగ ఉండదు, ముడత ఉండదు. అసలు కాగితం అంటించినట్టే తెలియదు. అందుకే ఆ పేరు. కొత్తగా చేరినవాళ్లకు సూపర్వైజరు ఆవిడ చుట్టిన ట్యూబునే చూపిస్తాడు. "చూశారా? స్టిక్కరు ఎర్ర గీతను పూర్తిగా కప్పెయ్యాలి. ఒక్క ఎర్ర అక్షరం కనపడినా ట్యూబు వెనక్కొచ్చేస్తుంది" అంటాడు.

ఆ ఎర్ర గీత పక్కన ఏం రాసి ఉందో, ఎందుకు కప్పాలో ఎవరూ అడగలేదు. పాఠకులారా, వాళ్లను తప్పు పట్టకండి. రోజుకు వెయ్యి ట్యూబులు చేతిలోంచి పోతుంటే ఏ మనిషీ చీమతలంత అక్షరాలు చదవదు. తీరిగ్గా దుకాణంలో నిలబడి ఒక్క ట్యూబు కొనే మనమే చదవం కదా!

ఆ తెల్ల పెట్టెల్లో ప్రతిదానిలోనూ ఎనిమిది మడతలు పెట్టిన పల్చటి కాగితం ఒకటి ఉండేది. విప్పితే జానెడు వెడల్పు, మూరెడు పొడవు. ఒకవైపు అక్షరాలు, రెండోవైపు ఖాళీ. అంత మంచి కాగితం గోనెసంచి పాలు కావడానికి గోరక్క ప్రాణం ఒప్పలేదు. నెలకోసారి ఓ కట్ట ఇంటికి పట్టుకెళ్లి, వంటింటి అరల్లో డబ్బాల కింద పరిచేది. అరలు తెల్లగా కనపడాలని అక్షరాలున్న వైపు కిందికి తిప్పేది.

నొక్కుకుపోయిన ట్యూబులు అమ్మకానికి పనికిరావు కాబట్టి పనివాళ్లకు ఊరికే ఇచ్చేవారు. యజమాని ధర్మప్రభువని అందరూ చెప్పుకునేవారు. అతని భార్య మాత్రం ఆ క్రీము ఏనాడూ ముట్టుకోలేదు. ఆ సంగతి వీళ్లకెవరికీ తెలియదు.

గోరక్కకు ఒక్కతే కూతురు. ఆ పిల్ల ట్రాఫిక్ పోలీసు ఉద్యోగానికి ఎంపికైంది. పరుగులో మొదటి ముగ్గురిలో నిలిచింది. శిక్షణ మొదలవడానికి ఇంకా అయిదు నెలలుంది. ఇంటిల్లిపాదీ సంతోషిస్తుంటే మేనత్త వచ్చి నోరు విప్పింది.

"ఉద్యోగం బాగానే ఉంది వదినా. కానీ అసలే చామనఛాయ పిల్ల. రోజంతా ఎండలో నిలబెడితే పెనం అడుగే! తర్వాత ఏడ్చి లాభం లేదు."

ఆ మాట గోరక్క గుండెలో ముల్లులా దిగింది. మర్నాడే నొక్కుకుపోయిన ట్యూబు ఒకటి తెచ్చి కూతురి చేతిలో పెట్టింది. "రెండుపూటలా రాయి తల్లీ. ఎండకు తట్టుకుంటుంది, కాస్త తేటగానూ ఉంటావు" అంది.

నిజంగానే వారానికల్లా పిల్ల మొహం తేటపడింది. మేనత్త కూడా మెచ్చుకుంది. తనకూ రెండు ట్యూబులు కావాలంది. గోరక్క ఆ వారమంతా షెడ్డులో మరింత శ్రద్ధగా స్టిక్కర్లు చుట్టింది. తన చేతిమీదుగా ఇన్ని ఇళ్లకు వెలుగు వెళ్తోందని ఆవిడ గర్వం.

మూడో నెలలో బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు తేలాయి. తర్వాత గడ్డం చుట్టూ చీము పొక్కులు, చెంపల మీద నూగు. క్రీము రెండు రోజులు మానేస్తే మొహమంతా కారం పూసినట్టు మండేది. మళ్లీ రాస్తే చల్లబడేది. ఇక్కడే ఉంది అసలు మోసం. కాల్చేదీ అదే, చల్లార్చేదీ అదే. రాస్తే తగ్గుతోంది కాబట్టి తల్లీకూతుళ్లు క్రీమును నమ్మి, ఎండను తిట్టుకున్నారు.

"ఇంకొంచెం దట్టంగా రాయి తల్లీ" అంది గోరక్క.

నాలుగో నెలలో ఒకరోజు పిల్ల మైదానంలో పరుగు సాధన సగంలో ఆపేసి, చున్నీ మొహానికి చుట్టుకుని ఇంటికొచ్చింది. వస్తూనే బకెట్లో నీళ్లకు మొహం ఆనించి కూర్చుంది. "అమ్మా, ఎండ తగిలితే చర్మం ఊడిపోతున్నట్టుంది. నేను రోడ్డు మీద ఎలా నిలబడతానే?" అని ఏడ్చింది. అప్పటిగ్గానీ గోరక్కకు చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన రాలేదు.

ఆ డాక్టరమ్మకు అరవై దాటాయి. పిల్ల మొహాన్ని దీపం కింద తిప్పి చూసి, "ఏం రాస్తున్నావు?" అని ఒక్కటే ప్రశ్న అడిగింది. గోరక్క సంచిలోంచి ట్యూబు తీసి ఇచ్చింది. డాక్టరమ్మ అటూ ఇటూ తిప్పింది. స్టిక్కరు అంచు పట్టుకుని లాగబోయింది. పట్టు దొరకలేదు.

"చాలా బాగా అంటించారు దొంగ వెధవలు!" అంది కోపంగా.

గోరక్క చెయ్యి చాచింది. "ఇలా ఇవ్వండి డాక్టరమ్మా. నేను తీస్తాను. అంటించింది నేనే."

ఎక్కడ దూరాలో గోరక్క గోటికే తెలుసు. ఒక్క లాగుకు నవ్వే అమ్మాయీ గులాబీరేకులూ ఊడొచ్చాయి. కింద ఎర్ర గీత, దాని పక్కన పొడుగాటి మందు పేరు, 'వైద్యుల సలహా మీద మాత్రమే వాడాలి' అన్న ఎర్ర అక్షరాలు బయటపడ్డాయి.

"ఇది అందానికి పూసుకునే క్రీము కాదమ్మా. మందు. గట్టి స్టెరాయిడ్. అరికాళ్ల మీద, మోచేతుల మీద చర్మం దళసరెక్కితే కొద్దిరోజులు, అదీ మేం చూస్తుండగా వాడిస్తాం. దీన్ని నెలల తరబడి మొహానికి పూస్తే చర్మం ఉల్లిపొరలా అయిపోతుంది. ఇక ఎండకు ఏం ఆగుతుంది?" డాక్టరమ్మ ట్యూబును బల్ల మీద పడేసింది. "ఈ నెల్లో ఈ పిల్ల పదకొండోది. అందరూ ఇదే గులాబీ పెట్టె తెస్తున్నారు. వంకాయ కొంటే పుచ్చుందేమోనని నాలుగుసార్లు తిప్పి చూస్తారే! ఆ వంకాయకిచ్చే మర్యాద మీ మొహానికివ్వరా?"

పిల్ల అడిగింది. "వెనక ఏముందో చూసినా మాకేం అర్థమవుతుంది మేడమ్? అన్నీ నోరు తిరగని పేర్లు."

"అన్నీ అర్థం కానక్కర్లేదు. మామూలు క్రీమైతే ఏమేం కలిపారో జాబితా ఉంటుంది. ఎక్కువ కలిపినదాని పేరు ముందొస్తుంది. పెట్టె మీద గులాబీ బొమ్మ ఉండి, జాబితాలో గులాబీ అట్టడుగున ఉందనుకో, అది బొమ్మ కోసం వేసిన చుక్క. స్టెరాయిడ్ అనో, డాక్టరు సలహా అనో కనపడితే దాన్ని అందానికి కొనకూడదు. అసలు జాబితానే లేదా, అక్కడే వదిలేసి రావాలి. తెలియని పేరుంటే చదువుకున్న మందులషాపు మనిషిని అడుగు, నన్నడుగు. అడగడానికి సిగ్గేంటి? ఈ మందుతో మడతలు పెట్టిన కాగితం కూడా ఒకటొస్తుంది. ఎక్కడెక్కడ రాయకూడదో అందులో అంతా ఉంటుంది. అదీ పారేస్తారు."

ఆ కాగితాన్ని గోరక్క పారెయ్యలేదు.

ఇంటికి రాగానే చెప్పులైనా సరిగ్గా విప్పకుండా వంటింట్లోకి వెళ్లింది. పప్పుడబ్బా తీసింది, ఉప్పుడబ్బా తీసింది, కింది కాగితం లాగి అక్షరాల వైపు తిప్పి కూతురికిచ్చింది. ఆ పిల్ల గట్టిగా చదివింది. ముఖానికి వాడరాదు. పసిపిల్లలకు వాడరాదు. వైద్యుల పర్యవేక్షణ లేకుండా రెండు వారాలు మించి వాడరాదు. ఏడాదిగా ఆ మాటలు ఆ ఇంట్లోనే, పప్పుడబ్బా కింద బోర్లా పడి ఉన్నాయి.

పిల్ల చదవడం ఆపి తల్లి వైపు చూసింది. "అమ్మా, నేను నల్లగా ఉంటే నీకు బాధా?"

"నాకెందుకే తల్లీ? నలుగురూ ఏమంటారోనని..."

"పరుగులో గెలిచినప్పుడు నా కాళ్లే చూశారమ్మా, రంగు చూళ్లేదు. నలుగురి నోటికోసం నా మొహం తగలబెట్టావా?"

గోరక్క ఒక్కదాన్నే అడిగితే చాలదు. ఆ ప్రశ్న మేనత్తను అడగాలి, యజమానిని అడగాలి, నన్నూ మిమ్మల్నీ అడగాలి. ఎంత తెలివండీ ఈ వ్యాపారం! మందును మందుగా అమ్మాలంటే డాక్టరు చీటీ కావాలి, రోగం కావాలి. అదే మందును అందమని అమ్మితే రోగంతో పనిలేదు. పుట్టిన రంగే రోగమని నమ్మిస్తే చాలు. ఆ నమ్మించే పనిలో సగం మనమే ఊరికే చేసిపెడుతున్నాం.

మర్నాడు గోరక్క షెడ్డుకు వెళ్లింది. కూర్చోలేదు. బల్ల దగ్గర నిలబడి ఆ కాగితం మొదటినుంచి చివరిదాకా పైకి చదివింది. మొదట చేతులు ఆడుతూనే ఉన్నాయి. తర్వాత ఒక్కొక్కటే ఆగాయి. బల్ల చివర కూర్చున్న పచ్చిబాలింత లేచి నిలబడింది.

"గోరక్కా... మా చంటిదాని బుగ్గలు గరుకుగా ఉన్నాయని నేను రోజూ రాస్తున్నానే!"

సూపర్వైజరు పరుగెత్తుకొచ్చాడు. "ఏంటీ గోల? అంటించడం మీ పని. రాసుకుంటారో మానుకుంటారో కొనేవాళ్ల ఇష్టం. వాళ్లకు కళ్లు లేవా?"

"ఉన్నాయి బాబూ! ఆ కళ్లకు అడ్డంగానే రోజుకు వెయ్యి కాగితాలు అంటిస్తున్నాం!" అని అరిచింది గోరక్క. ఇన్నేళ్లలో ఆవిడ గొంతు అంత పెద్దగా ఎవరూ వినలేదు. "నా చేతి పనితనం చూపించి నలుగురికి నేర్పించావే! ఆ పనితనంతో నా బిడ్డ మొహం నేనే కాల్చుకున్నాను!"

"పనిలోంచి తీసేస్తా జాగ్రత్త!"

"తాటాకు చప్పుళ్లకు కుందేళ్లు బెదరవు, పో!"

ఆ రోజు పచ్చిబాలింతా, ఇంకో ముగ్గురూ గోరక్క వెంట బయటికి నడిచారు. మిగతా అయిదుగురూ తలలు వంచుకుని మళ్లీ స్టిక్కర్లు అందుకున్నారు. వాళ్లకూ ఇళ్లున్నాయి, ఆకళ్లున్నాయి.

డాక్టరమ్మ రాసిన ఉత్తరంతో, స్టిక్కరు ఊడదీసిన ట్యూబుతో గోరక్క మందుల తనిఖీ కార్యాలయం మెట్లు నాలుగుసార్లు ఎక్కింది. చివరికి అధికారులొచ్చి షెడ్డుకు తాళం వేశారు. కథ ఇక్కడితో అయిపోయి ఉంటే ఎంత బాగుండేది! నెల తిరక్కుండా అదే ట్యూబు ఆకుపచ్చ పెట్టెలో దుకాణాలకొచ్చింది. ఇంకెక్కడో ఇంకో షెడ్డు, ఇంకో పదిమంది, ఇంకో నవ్వే అమ్మాయి. ఈసారి గులాబీకి బదులు కలబంద బొమ్మ. పైన పటారం, లోన లొటారం.

పిల్ల క్రీము మానేసింది. మొదటి రెండు నెలలూ నరకమే. అద్దం ముందు నిలబడి, "ఒక్కసారి రాసుకుంటానమ్మా, మంట తగ్గితే చాలు" అని ఏడ్చేది. తల్లి ఆ రెండు చేతులూ పట్టుకుని కూర్చునేది. ఎండలో తిరగొద్దని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పడంతో ఆ బృందం శిక్షణకు ఆ పిల్ల లేకుండానే వెళ్లిపోయింది. తర్వాతి బృందానికి ఏడాది ఆగాల్సొచ్చింది. కష్టపడి గెలుచుకున్న ఉద్యోగంలోంచి ఒక ఏడాదిని ఒక స్టిక్కరు కాజేసింది. దీనికి ఎవరికి శిక్ష పడిందని అడుగుతున్నాను. ఎవరికీ పడలేదు.

ఏడాది గడిచింది. రేపు శిక్షణ మొదలనగా తల్లీకూతుళ్లు దుకాణానికి వెళ్లారు. పిల్ల బుగ్గల మీద మచ్చలు ఇంకా పూర్తిగా పోలేదు, కానీ చున్నీ మొహానికి కాదు, భుజానికి ఉంది. డాక్టరమ్మ రాసిచ్చిన ఎండ క్రీము పెట్టెను వెనక్కి తిప్పి, వేలు పెట్టి ఒక్కొక్క పేరే చదువుకుంటోంది.

పక్కన పదహారేళ్ల అమ్మాయి ఒకతె ఆకుపచ్చ పెట్టె అందుకుంది. గోరక్క ఆగలేకపోయింది. "ఒక్కసారి ఇలా ఇవ్వు తల్లీ" అని తీసుకుని, పెట్టె విప్పి, ట్యూబు అంచు మీద బొటనవేలి గోరు ఆనించింది. ఒక్క లాగు లాగింది.

"ఏయ్, అమ్ముకునే సరుకు చించుతావేంటి?" అని దుకాణదారు కేకేశాడు.

"సరుకును చించలేదు బాబూ, దాని ముసుగు తీశాను. కావాలంటే పోలీసుల్ని పిలువు. రేపటినుంచి నా కూతురూ వాళ్లలో మనిషే" అంది గోరక్క. ఎర్ర అక్షరాలు బయటపడిన ట్యూబును బల్ల మీద అందరికీ కనపడేలా నిలబెట్టింది. తర్వాత కూతురిని పక్కకు లాక్కుని, ఆ మచ్చల మొహాన్ని ఆ అమ్మాయికి చూపిస్తూ అంది.

"నీ రంగుకు ఏ రోగమూ లేదు తల్లీ. ముందువైపు బొమ్మ చూసి ఏదీ కొనకు. వెనక్కి తిప్పి ఏం కలిపారో చదువు, తెలియకపోతే తెలిసినవాళ్లను అడుగు. అప్పుడే దాన్ని నీ ఒంటిని తాకనివ్వు."