పట్టాభి మొహం

పట్టాభి జన్మలో ఒక్క చుక్క మందు ముట్టి ఎరగడు. కానీ మందు చవగ్గా దొరికే పుదుచ్చేరిలో ముక్కూ బుగ్గలూ ఎర్రగా పెట్టుకుని తిరిగే మనిషి ఆ మాట చెబితే ఎవరు నమ్ముతారు? ఒర్లియంపేటలోని అతని ప్లాస్టిక్ సామాన్ల కొట్టుకు వచ్చేవాళ్లు ముందు అతని మొహం చూసి, ఆ తరువాతే బిందెలు చూసేవాళ్లు.

"ఏందిరా, పగలే ఏసుకున్యావా?" అంది మేనత్త తాయారు ఒకరోజు, కొట్టు నిండా జనం ఉండగానే.

"నేను తాగను అత్తా!"

"తాగేవాళ్లంతా అట్లే చెప్తారు."

ఆ మాటతో అతని మొహం ఇంకాస్త కందిపోయింది.

మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ఆయింట్‌మెంటు నాలుగు రోజులు పనిచేసినట్టే చేసి, మంటతోపాటు పొక్కులు కూడా తెచ్చిపెట్టింది. చివరికి భార్య వసంతకుమారి అతన్ని చర్మం డాక్టరు జనని దగ్గరికి లాక్కెళ్లింది.

"దీన్ని రొసేషియా అంటారు. అసలు తాగనివాళ్లకూ వస్తుంది. పూర్తిగా పోదు గానీ అదుపులో పెట్టుకోవచ్చు," అంది డాక్టరు. "ఆ ఆయింట్‌మెంటు ఆపేయండి. ఈ జెల్ రోజూ రాయండి. సన్‌స్క్రీన్ లేకుండా గడప దాటొద్దు. పొగలు కక్కే కాఫీ, కారం తగ్గించండి. కోపం కూడా."

"కోపం తెప్పించేవాళ్లకు ఏదైనా జెల్ ఉంటే అది కూడా రాసియ్యండి మేడమ్," అన్నాడు పట్టాభి.

రెండు నెలలకు పొక్కులు మానాయి. ఎండ తగిలితే మాత్రం ఎరుపు తిరిగొచ్చేది. సరుకు కోసం సేదరపేట్ ఫ్యాక్టరీకి స్కూటర్ మీద వెళ్లక తప్పని ఒక మధ్యాహ్నం, ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపి, తాగాడేమోనని మిషన్‌లో ఊదమన్నాడు. సున్నా. మళ్లీ ఊదించాడు. సున్నా. మిషన్‌ని అరచేత్తో తట్టి మూడోసారి ముందుకు చాచాడు.

"మిషన్ బాగానే ఉండాది సార్! నా మొహమే బాగాలేదు!" అని అరిచి, పట్టాభి డాక్టరు చీటీ తీసి అతని చేతిలో పెట్టాడు.

కానిస్టేబుల్ గుణశేఖరన్ చీటీ మొత్తం చదివి గొంతు తగ్గించాడు. "నా భార్యకూ ఇట్లే ఉంది. నలుగురిలోకి రావడమే మానేసింది. ఈ డాక్టరు ఎక్కడుంటారు?" అని తమిళంలో అడిగాడు.

తిట్టడానికి నోరు తెరిచిన పట్టాభి స్కూటర్ నీడలోకి తోసి, డాక్టరు ఎక్కడుంటుందో, ఏది పూయకూడదో, ఏది తింటే మండుతుందో, ఎన్నాళ్లు ఓపిక పట్టాలో అన్నీ చెప్పాడు. గుణశేఖరన్ ఒక్కటీ వదలకుండా రాసుకున్నాడు. పక్కనుంచి రెండు లారీలు హారన్ కొట్టుకుంటూ పోయినా తలెత్తలేదు.