ఆరో రేకు

అందరూ గౌరవంగా 'మాంగ్' అని పిలిచే అంబో ఆ ఉదయం బండి రెండు పక్కపలకలూ ఎడమవైపువే కోశాడు. రెండోదానికి అట్ట నమూనా తిరగేయడం మరిచిపోయాడు. ముప్ఫై ఏళ్లలో ఎన్నడూ చేయని తప్పు. స్టీలు రేకుకు మెరుగు ఒక ముఖానికే ఉంటుంది. తిప్పి బిగించే వీల్లేదు.

లిపాలో జీప్నీలనే చిన్న బస్సులు కట్టే ఆ షెడ్డులో ఇక ఐదు రేకులే మిగిలాయి. కొత్తవి మనీలా రేవులో ఇరుక్కున్నాయి. శుక్రవారం తనిఖీకి బండి నిలబెట్టకపోతే దాని డ్రైవరు రోడాంటే నడిపే రూటు ఇంకొకడికి పోతుంది. అతను రోజూ వచ్చి, ఏమీ అడక్కుండా గుమ్మం దగ్గర కూర్చుంటున్నాడు. నాలుగు తిట్టినా నయమే అనిపించింది అంబోకి.

షెడ్డు యజమానురాలి మేనకోడలు జోవెలిన్ లెక్కలు చదివింది. కోయాల్సిన ముక్కల కొలతలిస్తే, వృథా తగ్గేలా వాటిని రేకు మీద పేర్చి చూపిస్తుంది ఆమె కంప్యూటరు. ఆమె వచ్చాక తుక్కు సగమైంది. అంబో ఆ సంగతి ఇంతవరకూ ఒప్పుకోలేదు.

మధ్యాహ్నం ఆమె తెర అతని వైపు తిప్పింది.

"ఎన్నిసార్లు అడిగినా ఆరు రేకులు కావాలంటోంది, మాంగ్ అంబో."

"మళ్లీ అడుగు. ఊరికే కరెంటు తింటోందిగా."

"అది మీ మాటే వింటోంది. రేకు మీది సన్నటి మెరుగు గీతలన్నీ నిలువుగానే ఉండాలని మొదటిరోజు చెప్పింది మీరేగా. అందుకే ఒక్క ముక్కనీ అడ్డం తిప్పనివ్వట్లేదు."

నిజమే. గీతలు తలోవైపూ పోతే బండి అతుకుల బొంతలా ఉంటుంది. ఆ తప్పుకే అంబో ఇద్దరిని పనిలోంచి వెళ్లగొట్టాడు. ఆ తర్వాత వాళ్లు దారిలో ఎదురైనా తను పలకరించలేదు.

గోడబల్ల మీది ముక్కల జాబితా దగ్గరికి వెళ్లాడు. సుద్ద తీసి పదకొండు ముక్కల పక్కన గీత పెట్టాడు. అన్నీ సీట్ల కిందివీ, లోపలి అంచులవీ.

"వీటిని ఎటు తిప్పుకుంటావో తిప్పుకో. కుషన్ల కిందికి ఎవడు తొంగి చూస్తాడు?"

ఆమె ఆ పదకొండింటికీ నియమం సడలించి మళ్లీ లెక్క వేయించింది. ముక్కలు తెరమీద అటూ ఇటూ జరిగి సర్దుకున్నాయి. ఐదే రేకులు. చివరిదాని మూల అరచేయంత మిగిలింది కూడా.

అంబో స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కాసేపటికి లేచి, పక్కపలక అట్టను రేకు మీద పరిచి, కత్తెర ఆపి ఆమెను పిలిచాడు.

"చూడు. ఇది కుడివైపుదేనా?"

"కుడివైపుదే."

కోశాడు.

సాయంత్రానికి కోత పూర్తయింది. అంబో గుమ్మం దగ్గరికి వెళ్లి, ఇక ఇక్కడ కాపలా కాయక్కర్లేదని, శుక్రవారం పొద్దున్నే వచ్చి బండి తీసుకెళ్లమని రోడాంటేకి చెప్పాడు. రోడాంటే తల ఊపాడు. లేచి ఇంటికి బయల్దేరాడు.

అంబో లోపలికొచ్చి పొద్దున తెచ్చుకుని ముట్టుకోని అన్నం, ఎండుచేప పొట్లం విప్పాడు. చల్లారిపోయినా మెతుకు మిగల్చకుండా తిన్నాడు.