పంచుకున్న ఊరు

తెల్లవారితే పొగ వాసన.

నది మీద మంచు ఇంకా లేవదు. దాని కిందుగా, సందుల్లోంచి, కట్టెల పొగ మెల్లగా దిగి వస్తుంది. ఆ పొగలోనే బీరు కోసం బార్లీ ఆరుతుంటుంది. మా బాంబెర్గ్ ఊళ్ళో పుట్టినవాళ్ళకు ఆ వాసనే పొద్దు.

రోస్వితకూ అంతే. ఓట్మార్‌కూ అంతే.

వాళ్ళిద్దరూ ఒకప్పుడు మొగుడూ పెళ్ళాలు.

తిండి దగ్గర తప్ప వాళ్ళకు ఎక్కడా పడలేదు. కిటికీ తెరవాలా, మూయాలా... పడలేదు. ఆదివారం ఎవరింటికి వెళ్ళాలి... పడలేదు. అలిగితే ఎంతసేపు మాట్లాడకుండా ఉండాలి — అదీ పడలేదు. బల్ల ముందు కూర్చుంటే మాత్రం ఇద్దరిదీ ఒకటే ఆకలి.

విడాకులు వచ్చిన రోజు కోర్టు నుంచి వంతెన దాకా కలిసే నడిచారు. ఇల్లూ సామానూ అప్పటికే తేలిపోయాయి. తేలనిది ఊరొక్కటే.

"ఎక్కడికెళ్ళినా నువ్వు ఎదురుపడి నాకు ముద్ద దిగకపోతే కష్టం. పంచుకుందాం," అంది రోస్విత.

"ఊరినా?"

"ఊరినే."

నీళ్ళ వైపు చూస్తూ పంచుకున్నారు.

పెద్ద చర్చి కింద సందులో ఉన్న పాత బీరు ఇల్లు అతనిది. నల్లటి పొగ బీరు... మొదటి గుక్కకు మొహం ముడుచుకుంటుంది. మగ్గు సగమయ్యేసరికి ఇంకే బీరూ గుర్తురాదు. అక్కడి ఉల్లిపాయ కూడా అతనికే పోయింది. పిడికిలంత ఉల్లిపాయను తొలిచి, పొగబెట్టిన పందిమాంసం కూరి, బీరు పులుసులో మగ్గనిస్తారు. రోస్వితకు అదంటే ప్రాణం. అయినా వదులుకుంది.

నది ఒడ్డున కాఫీ ఇల్లు ఆమెది. ప్లమ్ పళ్ళ కేకు, అంచులు కాస్త మాడి, పళ్ళ రసం పళ్ళెంలోకి ఊదాగా కారుతూ...

చేపలు కాల్చే కొట్టు అతనిది. పొద్దున్నే వేడి రొట్టెలు దొరికే బేకరీ ఆమెది.

ఇక మిగిలింది కొండ మీది బీరు తోట.

చెస్ట్‌నట్ చెట్ల నీడ. పొడవాటి బల్లలు. తిండి ఎవరిది వాళ్ళే బుట్టలో తెచ్చుకోవాలి. తోటవాళ్ళు పోసేది బీరు ఒక్కటే. మేయరు వచ్చినా, తాపీ మేస్త్రీ వచ్చినా, కూర్చున్నవాడు జరిగి చోటివ్వాల్సిందే. కింద ఊరంతా ఎర్రటి పెంకులు... సాయంత్రం ఎండ ఆ పెంకుల మీద తేనెలా జారుతుంది.

వాళ్ళు మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నది అక్కడే.

"కొండ నువ్వు తీసుకో," అన్నాడు ఓట్మార్.

"జాలా?"

"మోకాళ్ళ నొప్పి."

అతని మోకాళ్ళకు ఏ నొప్పీ లేదు. మా అందరికీ తెలుసు.

ఏళ్ళు గడిచాయి. ఆ సరిహద్దులకు మేమూ అలవాటు పడ్డాం. రోస్వితతో మాట్లాడాలంటే కొండ ఎక్కేవాళ్ళం. ఓట్మార్‌తో కబుర్లకు సందులోకి దిగేవాళ్ళం. వాళ్ళు మాత్రం గీత దాటలేదు. ఒక్కసారి కూడా.

ఈ వసంతంలో ఆ బీరు ఇల్లు నడిపే ముసలాయన పోయాడు. కట్టెలు రాజేసే చెయ్యి లేదు. తలుపుకు తాళం. ఆ సందులో పొగ ఆగిపోయింది.

ఒక ఇల్లు మూతపడితే మా ఊరు మూతపడదు. ఇంకా ఎన్ని పొయ్యిలు, ఎన్ని పీపాలు... కానీ ఓట్మార్ మరో గడప తొక్కలేదు. వంటింట్లో గట్టు దగ్గర నిలబడి, రొట్టె కొరుక్కుని, పని అయిందనిపించేవాడు. చొక్కాలు వదులయ్యాయి.

సెప్టెంబరు వచ్చింది. చలికి తోట మూసేసే ముందు, ఆకులు అంచుల్లో తుప్పు పడుతున్న రోజులు.

ఓట్మార్ బుట్ట పట్టుకుని కొండ ఎక్కాడు.

తోట నడిపే ఎల్ఫ్రీడ కిటికీలోంచి అతన్ని చూసింది. పీపా కుళాయి మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

"దారి తప్పావా ఓట్మార్? నీ రాజ్యం కింద కదా."

"బీరు పోస్తావా, పాస్‌పోర్టు అడుగుతావా?"

"పోస్తాను. కూర్చునే సంగతి మాత్రం నన్నడక్కు. అదిగో, ఆ చివరి బల్ల. ఆమె చేతిలో కత్తి ఉంది, చూసుకుని వెళ్ళు."

రోస్విత ముల్లంగి కోస్తోంది. తెగకుండా, పలచగా, చుట్టలు చుట్టలుగా.

అతను మగ్గు పట్టుకుని నిలబడ్డాడు.

"మన ఒప్పందం గుర్తుందా?" తలెత్తలేదు ఆమె.

"ఉంది."

"మరి?"

"పొగ ఆగిపోయింది, రోస్వితా."

కత్తి ఆగింది.

"విన్నాను. ముసలాయన సమాధి దగ్గరికి వెళ్ళొచ్చాను. నువ్వు వెళ్ళిపోయాక."

"నాకు కనబడలేదే."

"కనబడకుండా తిరగడం నేర్చుకున్నాను కదా, ఇన్నేళ్ళూ."

చెట్టు మీద గాలి కదిలింది. ఒక కాయ రాలి, బల్ల మీద దొర్లి, గడ్డిలో పడింది.

"నిలబడి తాగడానికి ఇదేం రైల్వేస్టేషనా? కూర్చో."

కూర్చున్నాడు. బెంచీ ఆ చివర. మధ్యలో నలుగురికి సరిపోయేంత చోటు.

బుట్టలోంచి గుడ్డ చుట్టిన గిన్నె తీశాడు. మూత తీసి ఆమె వైపు జరిపాడు. ఉల్లిపాయ. ఒక పక్క మాడింది. మరో పక్క విచ్చుకుపోయి లోపలి మాంసమంతా బయటికొచ్చింది.

"నేనే వండాను."

ఆమె చిన్న ముక్క నోట్లో పెట్టుకుంది.

"ఉప్పెక్కువ."

"ఊఁ."

"తొలవమంటే చంపేశావు పాపం దాన్ని."

"ఊఁ."

ఇంకో ముక్క తీసుకుంది. ఇంకోటి... గిన్నె అడుగున ఉన్న పులుసుని రొట్టెతో తుడిచింది. కళ్ళు ఎందుకో నదివైపు తిప్పుకుంది.

అతను బెంచీ మీద ఇటు జరిగి, చెయ్యి చాపి ఆమె ముల్లంగి చుట్ట ఒకటి తెంపుకున్నాడు.

"కాఫీ ఇల్లు మాత్రం నాదే," అంది.

"శనివారం కూడానా?"

ఆమె మిగతా ముల్లంగిని అతని వైపు జరిపింది.

అప్పుడే వాన మొదలైంది. అందరూ మగ్గులు ఎత్తుకుని, బుట్టలు నెత్తిన పెట్టుకుని, నవ్వుకుంటూ రేకుల కిందికి పరుగెత్తారు. ఎల్ఫ్రీడ చివరి బల్ల వైపు చూసి పిలవబోయి... ఊరుకుంది.

వాళ్ళు లేవలేదు.

పైన దట్టమైన ఆకులు. ఆకుల మీద వాన చప్పుడు.

ఒక్క చినుకూ ఇంకా కిందికి దిగలేదు.