టిక్కుమనని కనెక్టర్

మరమగ్గాలు ఆపినంతసేపూ కొత్త తీగ చేరే డబ్బా మీద దీపం పచ్చగానే ఉంది. మగ్గాలు తిరగడం మొదలెట్టగానే ఎర్రగా మిణుకుమంది. ఆ తీగ వేసిన వదిన డబ్బా దగ్గరికి ఉరికింది.

ఆ దీపం పచ్చగా ఉంటేనే తీగలో కబురు అందుతున్నట్టు లెక్క. మగ్గం పక్కనున్న ఎర్ర బటన్ నొక్కితే, కబురు అవతలి గదికి చేరి షెడ్డు మొత్తానికి కరెంటు ఆగుతుంది. కిందటేడు ఆ కబురు మోసేది పాత రాగి తీగ. మోటార్ల రొదలో కబురు దారిలోనే చచ్చేది. వదిన మొగుడు బటన్ నొక్కాడు. మగ్గం ఆగలేదు. రెండు వేళ్ళు పోయాయి. ప్రమాదం అని రాసుకున్నారు. ప్రమాదమేమిటి నా మొహం, పిసినారితనం! షెడ్డు మొత్తం పని మానేసి కూర్చుంటే గానీ, రొద తగలకుండా వెలుగుతో కబురు మోసే ఫైబర్ తీగ రాలేదు.

వచ్చాక తీగ చివర కనెక్టర్ దగ్గర పేచీ. నొక్కితే టిక్కున పడే రకం వేయమన్నాడు ఇంజనీరు. చిన్నది, అందరూ వాడేది. వదిన మరతో బిగించే రకమే కావాలని మొండికేసింది.

"ఆఫీసులో అయితే మీదే బంగారం సార్. ఇక్కడ నేల చూడండి, పొద్దస్తమానం వణుకుతూనే ఉంటుంది. తోసి పెట్టింది కదులుతుంది. తిప్పి బిగించింది కదలదు."

సరేనన్నారు గానీ యాజమాన్యం మెలిక పెట్టింది: ఇది నిలవకపోతే మళ్ళీ పాత తీగే.

ఇప్పుడు నిలవలేదు.

"కదిలిపోయినట్టుందమ్మా," అన్నాడు ఇంజనీరు. ఎగతాళి లేదు ఆ గొంతులో. వదినకి అదే ఇంకా మండింది.

మగ్గం దగ్గర్నించి మొగుడొచ్చాడు. "ఏమే, నీ మర వదులైందా?"

"నీ నోరు వదులైంది. మగ్గాలు ఆపించు."

ఆపించాడు. వదిన కనెక్టర్ని పట్టుకుని చూసింది. రాయిలా ఉంది. వదులైతే ఇలా ఎందుకుంటుంది? అవతలి చివర లైటు ఆర్పించి, మర విప్పింది. తీగ కొన పక్కనే చిన్న బొడిపె ఉంటుంది. అది కనెక్టర్ దిగే గూటి అంచులోని గాడిలో కూర్చోవాలి. బొడిపె మీద కొత్త గీత కనిపించింది. గాడిలో దిగలేదు, అంచెక్కి కూర్చుంది. పైన మర బిగిసింది, లోపల కొనకి కొన ఆనలేదు. నేల వణికినప్పుడల్లా కొన ఊగింది.

తప్పు మరది కాదు, పెట్టిన తీరుది.

"పిచ్చుకా, ఇలా రా."

పిచ్చుక అంటే ఆడబిడ్డ. వదినతో కలిసి తీగలేసే పని చేస్తుంది. ఇన్నేళ్ళూ ఆ పిల్ల చేతిలో పడ్డవన్నీ టిక్కు రకాలే. టిక్కు వినగానే "పడింది" అని అరవాలి, అప్పుడే రెండోవాళ్ళు తీగ కట్టాలి. అది వాళ్ళ పద్ధతి.

"పడింది అన్నావు కదే?"

"అన్నాను వదినా. టిక్ అంటుందేమోనని తిప్పుతూనే ఉన్నా. ఎంతకీ అనలేదు. ఇక తిరగలేదు కదా, పడిందనుకున్నా."

"అది అనదే తల్లీ. మూగది."

"ఇంట్లో కూడా అలాంటిదొకటుంటే బాగుండు," అన్నాడు మొగుడు.

"ఉందిగా, నీ జీతం. ఎప్పుడైనా చప్పుడు చేసిందా?"

ఇంజనీరు నవ్వాపుకోలేక అటు తిరిగాడు. పిచ్చుక కళ్ళల్లో నీళ్ళున్నా నవ్వేసింది.

"ఏడవకు. చెప్పకపోవడం నా తప్పే. కొన తుడువు. బొడిపె మీద గీత పడింది గానీ పగల్లేదు. బొడిపె గాడిలో దిగిందా? కళ్ళతో చూడు. ఇప్పుడు తిప్పు. వేళ్ళతో, కండతో కాదు."

పిచ్చుక బిగించింది. "పడింది అనాలా?"

"ఇకనించి చూశాను అను."

"చూశాను."

మగ్గాలు ఒక్కసారిగా అందుకున్నాయి. నేల వణికింది, డబ్బా మూత గలగలలాడింది. దీపం పచ్చగానే ఉంది. అందరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. అది రెప్ప కూడా వేయలేదు.

మొగుడు మాత్రం తన మగ్గం దగ్గరికెళ్ళి మూడువేళ్ళ చేత్తో ఎర్ర బటన్ నొక్కాడు.

షెడ్డంతా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో వదిన అక్కడే నేల మీద కూర్చుంది.

"ఆగిందే," అన్నాడతను మెల్లగా.

"వినపడుతోందిలే," అంది.