శ్రీరంగప్ప పట్టుకున్న తరుగు

ధర్మవరంలో శ్రీరంగప్పది మగ్గాలకు రేషం, అంటే పట్టు దారం, ఇచ్చి చీరలు తీసుకునే వ్యాపారం. ఇచ్చేటప్పుడు రేషాన్ని తూచేవాడు, నేసి తెచ్చాక చీరనూ తూచేవాడు. బరువు కాస్త తగ్గితే చాలు, ఆ తరుగు ఎక్కడ పోయిందో చెప్పమని నేసినవాణ్ణి వసారాలో నిలబెట్టేవాడు. లోకంలో తాను తప్ప అందరూ ఏదో ఒకటి దాస్తున్నారని ఆయన నమ్మకం. అంత గట్టి నమ్మకం ఆయనకు దేవుడి మీద కూడా లేదు.

ఎనభై తొమ్మిది ఎండాకాలంలో, వీధంతా బిందెలు పట్టుకుని నీళ్ళ ట్యాంకరు కోసం కాచుకుని ఉంటే, ఆయన బెంగళూరు నుంచి కంప్యూటరు తెచ్చి నడింట్లో పెట్టాడు. దానికి బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి, జరీ గుడ్డ కప్పాడు. ఇంత సేవ ఆయన తన తల్లికి కూడా చేయలేదు. ఆయన లెక్కలు ఎక్కించుకుని మురిసిపోయేవాడు గానీ, దాన్ని నిజంగా పనికి వాడింది ఆయన భార్య సుబ్బరత్నమ్మ.

కళ్యాణదుర్గంలో పుట్టింట్లో ఉన్నప్పటి నుంచీ ఆమె గళ్ళ కాగితాల మీద చీర అంచులు గీసేది. పెళ్ళయ్యాక గీసిన ప్రతి అంచునూ శ్రీరంగప్ప పెద్ద మనసు చేసుకుని తన పేరుతో వేరే వ్యాపారులకు అమ్ముకున్నాడు. ఈసారి చేనేత సంఘం వాళ్ళు చీర అంచుల పోటీ పెట్టారు. బుడ్డల చెట్టు, అంటే వేరుశనగ, పువ్వులతో ఒక అంచును తన సొంత పేరుతో పంపాలని ఆమె కోరిక. కాగితం మీదైతే ఆయన కంట పడుతుందని మిషనులోనే చుక్క చుక్కా పేర్చింది. రేడియోలు బాగుచేస్తూ ఉండి కంప్యూటర్ల పనికి మళ్ళిన కుళ్ళాయప్పను అడిగి, ఆ ఫైలు పేరు ఎవరికీ కనపడకుండా దాపెట్టించుకుంది. రెండో కాపీకి ఫ్లాపీ లేదు. ఫ్లాపీలన్నీ ఆయన బీరువాలో తాళం వేసుకుని భద్రంగా ఉన్నాయి.

ఒకరోజు శ్రీరంగప్పకు మిషనును కూడా తూచాలనిపించింది. కనపడే ఫైళ్ళ సైజులన్నీ కూడాడు, మిగిలిన ఖాళీ జాగా కలిపాడు. మిషనులో ఉండాల్సిన మొత్తం జాగాతో సరిపోలేదు. వెంటనే కుళ్ళాయప్పను పిలిపించి తరుగు ఎక్కడని నిలదీశాడు. మిషను లేవడానికి కావలసిన ఫైళ్ళు కొన్ని కనపడకుండా ఉంటాయనీ, వాటిని ముట్టుకోకూడదనీ కుళ్ళాయప్ప చెప్పాడు. చూపించాల్సిందేనని సావుకారు పట్టుబడితే ఏదో ఫ్లాపీ పెట్టి చూపించాడు. తెర మీద మూడు పేర్లు తేలాయి. ముట్టుకోవద్దని మళ్ళీ చెప్పి, వంటింటి వైపు భయంగా చూసి వెళ్ళిపోయాడు.

"నా ఇంట్లో నాకు తెలీకుండా దాక్కునేటోళ్ళు ఎవురు?" అని శ్రీరంగప్ప ఒక్కొక్కటే తుడిచాడు. నిజంగానే తుడవమంటావా అని మిషను ప్రతిసారీ అడిగింది. ఆ ఇంట్లో ఆయన్ను అలా అడిగింది అదొక్కటే. ఖాళీ అయిన జాగాలో వెంటనే పాత లెక్కలు నింపేశాడు. లెక్క కుదిరింది. ఆ పూట అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

మర్నాడు మిషను లేవలేదు. కుళ్ళాయప్ప మళ్ళీ వచ్చి, చూసి, తలపట్టుకున్నాడు.

"మిషను లేచేదానికి కావాల్సిన రెండూ మళ్ళా పెట్టినానన్నా. మూడోది యాడా దొరకదు. దాని మింద నీ లెక్కలు కూచున్నాయి."

మూడోది ఏమిటని శ్రీరంగప్ప అడిగితే కుళ్ళాయప్ప తల వంచుకుని తన ఫ్లాపీ సంచిలో పెట్టుకున్నాడు. గడప దగ్గర నిలబడిన సుబ్బరత్నమ్మే తన అంచు అని చెప్పింది. శ్రీరంగప్పకు మొదటిసారి సిగ్గేసింది, కానీ అలవాటు లేని పని కావడంతో దాన్ని కోపంలోకి మార్చుకున్నాడు.

"కనపడే చోట పెట్టింటే తుడిచేవాణ్ణా?" అన్నాడు.

"కనపడే చోట పెట్టినవన్నీ అమ్ముకున్నావు," అంది ఆమె. "మా నాయనింటికి పోతాండా. ఆడ గళ్ళ కాయితాలుండాయి."

మధ్యాహ్నం కళ్యాణదుర్గం బస్సు ఎక్కింది.

సాయంత్రం శ్రీరంగప్ప మిషను ముందు కూర్చుని, కుళ్ళాయప్ప పెట్టిన ఆ రెంటినీ కలుపుకుని మరోసారి కూడాడు. ఎక్కడా తరుగు లేదు. తృప్తిగా వెనక్కి వాలి, వంటింటి వైపు తిరిగి కాఫీ తెమ్మని కేక వేశాడు. కాసేపు ఆగి ఇంకోసారి వేశాడు.