రీలు రాని ఆదివారం

ఆదివారం మధ్యాహ్నం మూడు కొట్టేసరికి దోన్ తెల్మో సినిమాకి బయల్దేరేవాడు. ముందు ఆయన, నాలుగడుగుల వెనక భార్య సొయిలా. కొండోర్ టాకీసు గుమ్మంలో ఫిలొమేనా దగ్గర పేలాల పొట్లం కొనేవాడు, ఒక్కటే. లోపల మూడో వరసలో నడిమి కుర్చీ ఆయనది. దానికి అటూ ఇటూ ఖాళీగా ఉండాలి. పక్కన ఎవరైనా గట్టిగా ఊపిరి పీల్చినా సినిమా పాడైపోతుందట, పెళ్ళామైనా సరే! అందుకని సొయిలా సరిగ్గా ఆయన వెనక కుర్చీలో కూర్చుని ఉన్ని అల్లుకునేది. ఇరవై రెండేళ్ళుగా ఇదే తంతు.

నోటరీ దగ్గర ముద్రలు గుద్దే గుమాస్తా ఆయన. అయినా సినిమా విషయంలో మా ఊళ్ళో ఆయన మాటే మాట. ఆట అయిపోయి లైట్లు వెలిగినా ఒక్కడూ లేచేవాడు కాదు. దోన్ తెల్మో నిలబడి, తెరవైపే మొహం పెట్టి తీర్పు చెప్పేవాడు. వెనక్కి తిరగడం ఆయనకి అలవాటు లేదు.

"గుర్రం బాగా చేసింది. మిగతావాళ్ళు దాని దగ్గర నాలుగు రోజులు శిష్యరికం చేసి నేర్చుకుంటే మంచిది."

"ఆ పిల్ల పావుగంట ఏడ్చిందయ్యా, ఒక్క చుక్క రాల్లేదు. ముందే కబురు పెడితే మనమే ఒక బస్తా ఉల్లిపాయలు పంపేవాళ్ళం."

"ముసుగు వెనక ఏముందోనని రెండు గంటలు కూర్చున్నాను. తీశాక తెలిసింది, ముసుగే నయం."

నచ్చితే మాత్రం ఒకే ఒక్క మాట అనేవాడు. "గిట్టింది." అది ఏడాదికోసారి. ఒక ముసలాడు సినిమా అంతా పాత పడవకి చిల్లులు పూడ్చుకుంటాడు, చివరికి పడవ తేలుతుంది, అంతే కథ. ఊళ్ళో సగంమంది గురకపెట్టారు. ఆయన గిట్టిందన్నాక వాళ్ళే బజార్లో ఆ పడవ గురించి గంటలకొద్దీ చెప్పుకున్నారు. మేమూ తక్కువవాళ్ళమేం కాదు.

ఒకసారి ఇంటికెళ్ళే దారిలో సొయిలా, "ఆ తల్లి పాట నాకు బావుందండీ" అంది. దోన్ తెల్మో చౌక్ అంతా వినబడేలా నవ్వాడు. "నీకు నచ్చిందా? అయితే నేను అనుకున్నదానికన్నా అధ్వాన్నమన్నమాట!" ఆ తరవాత ఆవిడ ఏ సినిమా గురించీ నోరు విప్పలేదు.

రీలు డబ్బాలు శనివారం బస్సులో రియోబాంబా పట్నం నుంచి వచ్చేవి. వానల్లో కొండచరియ విరిగిపడితే వచ్చేవి కావు. అయినా టాకీసు యజమాని అబ్దోన్ ఆట ఆపేవాడు కాదు. మెషిన్‌లో ఏమీ పెట్టకుండానే దీపం వెలిగించేవాడు. ఊళ్ళో ఆ వారం ఎవరి మనసు అటా ఇటా అని కొట్టుకుంటోందో, వాళ్ళ బతుకు తెరమీద పడేది. వాళ్ళ మొహమూ, వాళ్ళ కళ్ళు చూసినవీ కనబడేవి, మాటలు మాత్రం ఉండేవి కావు. పాటలు కూడా లేవు కనక ఆ రోజు టికెట్టు సగం ధర.

వాటికీ దోన్ తెల్మో తీర్పు చెప్పేవాడు, మొహమాటం లేకుండా. కార్లోటా అనే పిల్లకి పెళ్ళి కుదిరిన వారం ఆ పిల్ల బతుకు పడింది. "ఈ పెళ్ళికొడుకు పనికిరాడు, ఉడకేసిన బంగాళాదుంపలా ఉన్నాడు" అన్నాడు. సోమవారానికల్లా ఉంగరం వెనక్కి వెళ్ళిపోయింది. మంగలి ఎఫ్రాయిన్ తాగుడు మానాలా వద్దా అని సతమతమవుతున్న వారం అతని బతుకు పడింది. "ఈ కథకి తాగి చావడం తప్ప ఇంకో ముగింపు అతకదు" అన్నాడు దోన్ తెల్మో. ఎఫ్రాయిన్ టాకీసు నుంచి తిన్నగా సారాకొట్టుకి పోయాడు. రెండు నెలలకి మట్టి చేస్తుంటే దోన్ తెల్మో పక్కనే నిలబడి, "నేను ముందే చెప్పానా లేదా?" అన్నాడు. చనిపోయినవాడి కూతురు అక్కడే ఉంది.

ఇక సొయిలా సంగతి. ఫిబ్రవరిలో ఆవిడకి మాంతా రేవు నుంచి అక్క ఎల్వియా ఉత్తరం రాసింది. 'రొట్టెల బట్టీ పెట్టాను. పొయ్యి పెద్దది, చేతులు రెండే. నువ్వొస్తే సగం నీది. మార్చి దాటితే వేరే మనిషిని చూసుకుంటాను.' సొయిలా చేతి రొట్టె తిన్నవాళ్ళు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు, పెళ్ళికి ముందు తిన్నవాళ్ళు. పెళ్ళయ్యాక ఇంట్లో రొట్టె కాల్చనివ్వలేదు దోన్ తెల్మో, తన సినిమా పత్రికలకి పొగ పడుతుందని. ఉత్తరం మూడు వారాలు రవికెలోనే ఉంది. ఫిలొమేనాకి ఒక్కదానికే చూపించింది.

"వెళ్ళవే తల్లీ, ఇంకా ఏం చూస్తున్నావు?" అంది ఫిలొమేనా.

"వెళ్తే ఆయనకి సూప్ ఎవరు కాస్తారు?"

"ఎవరో ఒకరు కాస్తారు. గిన్నె ఎవరు పెట్టారో తలెత్తి చూసే మనిషా ఆయన?"

"ఒక్కసారి చూస్తే చాలు ఫిలొమేనా. ఉండు అన్నా చాలు, ఉండిపోతాను."

మార్చిలో మూడో ఆదివారం. ముందురోజే కొండచరియ విరిగింది, రీలు రాలేదు. అబ్దోన్ దీపం వెలిగించాడు. తెరమీద పందొమ్మిదేళ్ళ పిల్ల, మోచేతులదాకా పిండి, ఎవరో పిలిస్తే తల తిప్పి నవ్వింది. ఎవరో అందరికీ తెలిసిపోయింది. వెనక వరసలో సొయిలా చేతిలో అల్లిక ఆగిపోయింది.

దోన్ తెల్మో మాత్రం పేలాలు నోట్లో వేసుకోవడం మర్చిపోయాడు. "అబ్బా! ఎవరయ్యా ఈ పిల్ల? ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చారు?"

మేమంతా సొయిలా వైపు చూశాం.

ఆవిడ చూసిందే కదా తెరమీద వచ్చేది. ఆయన ఎన్నడూ అడుగుపెట్టని వంటిల్లు. ఒక కిటికీ, కప్పులో పగిలిన పెంకు, మరుగుతున్న కుండ. ఇరవై రెండేళ్ళు. మధ్యమధ్య ఒక మగవాడు, ఎప్పుడూ వీపే. పత్రిక చదువుతున్న వీపు, గొణుగుతూ గొళ్ళెం తీస్తున్న వీపు. మనిషికి తన వీపు ఎలా తెలుస్తుంది? ఒక ఆదివారం ఆ పిల్ల మంచమ్మీద ముడుచుకుని పడుంది, దుప్పటి మీద నెత్తురు. పుట్టకుండానే పోయిన బిడ్డ. తలుపు సందులోంచి టోపీ పెట్టుకుంటున్న వీపు కనబడింది, తలుపు మూసుకుంది.

"నికృష్టుడు!" అని కుర్చీలోంచి సగం లేచాడు దోన్ తెల్మో. "ఇలాంటప్పుడు ఎక్కడికి పోతున్నాడు వీడు?"

సినిమాకని హాల్లో అందరికీ తెలుసు. ఆ రోజు ఆయన గుర్రాన్ని మెచ్చుకుంటే మేమంతా పగలబడి నవ్వాం కూడా.

చివర్లో చీకట్లో ఒక మగవాడి మెడ, పలచబడ్డ జుట్టు చాలాసేపు ఉన్నాయి. "ఇది మరీ సాగదీశారు, అయినా పరవాలేదు" అన్నాడు. తరవాత ఆవిడ వంటింట్లో ఉత్తరం పట్టుకుని నిలబడింది, అక్కడితో తెర తెల్లబడింది.

దోన్ తెల్మో లేచాడు. కళ్ళు తుడుచుకున్నాడు, నిజంగానే.

"గిట్టింది. పదేళ్ళలో ఇంత మంచి బొమ్మ చూడలేదు. ఆ పిల్ల నటించలేదు, బతికింది. ఆ మొగుడి వేషం ఒక్కటే దండగ. మనిషా వాడు? కోటు తగిలించుకున్న కొయ్య!"

మెషిన్ గదిలోంచి అబ్దోన్ గొంతు సవరించుకున్నాడు. "దోన్ తెల్మో, ఒక్కసారి వెనక్కి చూడండి."

"వెనకేముంది? తెర ఇటుంది."

అప్పుడు వెనక వరసలోంచి ఒక ఆడగొంతు మెల్లగా అడిగింది. "ఇప్పుడు ఆవిడ ఏం చెయ్యాలంటారు? ఇంట్లో ఎవరైనా ఉండమంటే ఉంటుందేమో."

"ఎవరంటారమ్మా, ఆ కొయ్యా? వెళ్ళిపోవాలి! వెంటనే! ఇంకా నిలబడి ఆలోచించిందంటే నా టికెట్టు డబ్బులు నాకు వాపసు ఇచ్చెయ్యాలి."

"సరే" అంది సొయిలా.

ఉన్ని సంచిలో సర్దుకుని లేచింది. గుమ్మంలో ఫిలొమేనా రెండు పొట్లాలు ఆవిడ చేతిలో కుక్కింది. విరిగిన చరియ మీంచి మూటలతో దాటి అవతల ఆగిన బస్సెక్కుతున్న జనంలో ఆవిడా నడిచింది. బురద మోకాళ్ళదాకా వచ్చిందని చూసినవాళ్ళు చెప్పారు.

దోన్ తెల్మో ఆ బొమ్మ గురించే తనలో తను మాట్లాడుకుంటూ ఇంటికి పోయాడు. నాలుగడుగుల వెనక ఎవరూ లేరని ఆయనకి తెలీదు. బల్ల ముందు కూర్చుని సూప్ కోసం చూశాడు. పిలిచాడు, కేకలేశాడు. చివరికి తిట్టుకుంటూ లేచి, పెళ్ళయ్యాక మొదటిసారి వంటింట్లోకి వెళ్ళాడు. కిటికీ, పగిలిన పెంకు, కుండ. ఆయన అరుపు పక్కింటికి వినిపించింది. జాలి వెయ్యలేదా అంటే, వేసింది. అయినా మాలో ఒక్కరం ఆ గుమ్మం తొక్కలేదు. ఎఫ్రాయిన్ కూతురు మాత్రం వీధిలో నిలబడి, తలుపు సందులోంచి కాసేపు చూసి, "గిట్టింది" అనుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే పోలీసు ఠాణాకి వెళ్ళాడు. కానిస్టేబుల్ వినీసియో కాగితం తీశాడు. నిన్న హాల్లో అతనూ ఉన్నాడు.

"గుర్తులు చెప్పండి."

దోన్ తెల్మో ఆగకుండా చెప్పాడు. ఎడమ చెవి కింద పుట్టుమచ్చ. కుడి మణికట్టు మీద పొయ్యి కాలిన మచ్చ. నవ్వబోయేముందు పెదవి ఒకవైపు కొంచెం లేస్తుంది. బాధ కలిగితే మొహం కాదు, చేతులు కదులుతాయి, శాలువా అంచు పట్టుకుని నలుపుతుంది. కళ్ళు తేనెరంగు, వెలుతురు పడితే ఇంకా లేతగా ఉంటాయి. రాస్తూ రాస్తూ వినీసియో కలం ఆపాడు.

"పెళ్ళాం గురించి ఇంత వివరంగా ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు దోన్ తెల్మో. ఇవన్నీ ఎప్పుడు చూశారు?"

ఆయన టోపీ చేతుల్లో తిప్పుకున్నాడు.

"నిన్న" అన్నాడు.

వినీసియో కాగితం మడిచి ఆయన చేతిలోనే పెట్టాడు. "ఇది మీ దగ్గరే ఉంచుకోండి. ఆవిడ తప్పిపోలేదు. మీరు వెళ్ళమన్నారు, వెళ్ళింది."