పొడి బ్రష్షు

పళ్ళు తోమించడంలో నాది అందెవేసిన చెయ్యి. ఇంట్లో ఎవరి నోట్లో ఏ పన్ను ఎటు వంగి ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలను. భోజనాలు కాగానే బాత్రూం అద్దం ముందు నా కొలువు మొదలవుతుంది. కూతురి వెనక నిలబడి, గడ్డం పైకెత్తి, చిగుళ్ళ అంచున చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు తోముతాను. నాలుక బద్దతో గీస్తాను. ఆయన బ్రష్షు మీద బఠాణీ గింజంత పేస్టు వేసి చేతికిస్తాను, లేకపోతే మనిషి అలాగే మంచమెక్కేస్తారు. అత్తయ్య కట్టుడు పళ్ళు తీసిస్తే రుద్ది గిన్నెలో నీళ్ళు పోసి అందులో వేస్తాను.

పగలు ఉద్యోగమూ ఇదే. పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలిని. ప్లాస్టిక్ దవడ పట్టుకుని వచ్చినవాళ్ళకల్లా ఎలా తోముకోవాలో చూపిస్తుంటాను. ఈ మధ్య డాక్టరుగారు నా కింది దవడ పన్నుని వేలితో కదిపి చూశారు. కదిలింది. "ఇలాగే వదిలేస్తే ఈ వరసంతా పోతుందమ్మా. అసలు రాత్రుళ్ళు తోముకుంటున్నావా?" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తోముకోకపోవడమేమిటి? రోజూ పక్క మీద వాలేటప్పుడు పుదీనా ఘాటు తెలుస్తూనే ఉంటుంది కదా. "తోముకుంటున్నానండీ" అన్నాను. "అయితే సరే. మాస్కు మాత్రం తియ్యకు, పేషెంట్లు చూస్తే మన క్లినిక్కు మూతపడుతుంది" అని డాక్టరుగారు నవ్వారు. మాస్కు ఉన్నా సరే, చెయ్యి అడ్డం పెట్టుకుని నేనూ నవ్వాను. పెళ్ళయిన కొత్తలో పడిన అలవాటది. "పళ్ళన్నీ బయట పెట్టుకుని ఏంటమ్మాయ్ ఆ నవ్వు" అనేవారు అత్తయ్య. అప్పటికింకా ఆవిడ నోట్లో ఉన్నవి సొంత పళ్ళే.

క్లినిక్కులో రంగు బిళ్ళలుంటాయి. నమిలి పుక్కిలిస్తే పాచి ఉన్నచోటల్లా ఎర్రగా అంటుకుంటుంది. ఇంట్లోవాళ్ళకి చూపిస్తే బుద్ధొస్తుందని నిన్న తలా ఒకటి తెచ్చాను. కూతురికి వెనక పంటి మీద చిన్న చుక్క పడింది, అంతే. అత్తయ్య పళ్ళని రంగు నీళ్ళలో ముంచి తీస్తే ఎలా ఉన్నవి అలాగే వచ్చాయి. ఆయన అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, "చూశావా, ముత్యాలు. దేనికైనా మనిషికి శ్రద్ధుండాలి" అన్నారు. ఎవరి శ్రద్ధో నేను అడగలేదు.

ఆఖర్న నేను నమిలి పుక్కిలించాను. అద్దంలోకి చూశాను.

ఒక్క పన్నూ కనిపించలేదు. చిగుళ్ళ నుంచి కొసల దాకా ఒకటే ఎరుపు. దేన్నో పచ్చిగా కొరికి వచ్చినదానిలా ఉన్నాను. నేను పెదవులు కదపకముందే అద్దంలో ఆ నోరు ఇంకొంచెం తెరుచుకున్నట్టనిపించింది. కూతురు తండ్రి వెనక్కి వెళ్ళి నక్కింది. "అమ్మా, నీకు తోముకోవడం రాదా?" అంది చిన్న గొంతుతో.

"ఏంటా అవతారం, పిల్ల జడుసుకుంటోంది. కడుక్కో ముందు. మా అమ్మ పళ్ళు నీళ్ళలో వెయ్యడం మర్చిపోకు" అని ఆయన పిల్లని తీసుకుని టీవీ దగ్గరికి వెళ్ళిపోయారు.

నా బ్రష్షు కోసం చెయ్యి చాపాను. అందరి బ్రష్షుల వెనక, మూలకి ఉంది. కూతురికి మొదటి పాలపన్ను ఊడినప్పుడు అందరికీ కలిపి కొన్నది. వాళ్ళవి అరిగిపోయి ఎన్నిసార్లు మారాయో! నా దాని కుచ్చు ఒక్క పోగు వంగకుండా, కొట్లోంచి ఇప్పుడే తెచ్చినట్టు నిటారుగా ఉంది. బొటనవేలితో నిమిరాను. పొడిగా ఉంది. వేలికి దుమ్ము అంటింది.

నాకు భయమేసింది. మరి రోజూ తోముకున్నదెవరు? నురగ గుర్తుంది, ఉమ్మడం గుర్తుంది, పుదీనా వాసన గుర్తుంది. ఒక్కో రాత్రినీ పట్టుకుని వెతికాను. ప్రతి రాత్రీ నా చేతిలో ఉన్నది కూతురి గడ్డమే. అది "ఆ" అంటే నేనూ నోరు తెరిచాను, అది ఉమ్మితే నేనూ ఉమ్మినట్టే ఊపిరి వదిలాను. ఆ వాసన నా వేళ్ళది. ఇన్నాళ్ళూ ఈ గదిలో ఇంతమంది పళ్ళున్నాయి, నేను లేను. అది తెలియకుండానే రోజూ హాయిగా వెళ్ళి పడుకున్నాను.

గడియ పెట్టాను. అత్తయ్య పళ్ళు పొడి గిన్నెలో అలాగే వదిలేసి, పేస్టు నా బ్రష్షు మీద వేసుకున్నాను. చిగుళ్ళ అంచున చిన్న చిన్న సున్నాలు. నురగ ఎర్రగా కారింది. అందులో రంగెంతో, నెత్తురెంతో తెలియలేదు. ఆపలేదు.

కాసేపటికి తలుపు పిడి మెల్లగా తిరిగింది. మళ్ళీ తిరిగింది.

"ఒరే అబ్బాయ్, తలుపు రావట్లేదురా" బోసినోటితో అత్తయ్య గొంతు. "నువ్వక్కడే ఉన్నావు, పిల్లా అక్కడే ఉంది. మరి లోపలెవరు?"

"ఎవరుంటారమ్మా? గడియ దానంతటదే పడుంటుంది" అన్నారు ఆయన టీవీ ముందు నుంచి.

అప్పుడే కదిలే పన్ను దగ్గరికొచ్చాను. దాని చుట్టూ మెల్లగా, తొందరేమీ లేకుండా తోమాను. ఉమ్మాను.

"నేనున్నాను" అన్నాను. "ఇంకా అవలేదు."